కెన్యా మిషన్ ట్రిప్: తొలి మూడు రోజులు మైకు పట్టుకోకండి

హైదరాబాద్ సంఘాల నుంచి ఆఫ్రికా దేశాలకు చిన్న చిన్న జట్లు వెళ్ళడం ఇప్పుడు వింతేమీ కాదు. పది పన్నెండు మంది, రెండు వారాలు. ఒక పాస్టర్ గారు, పాటలు పాడే యూత్ ఇద్దరు ముగ్గురు, సండే స్కూల్ టీచర్లు, కుదిరితే ఒక డాక్టరమ్మ. అలాంటి జట్లకు ఏర్పాట్లు చూసే పని నాది. పశ్చిమ కెన్యాలో కిసుము చుట్టుపక్కల పల్లె సంఘాలకు వెళ్ళే దారిలో ఎక్కడ ఏది తెగుతుందో పని చేస్తూ తెలుసుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. నా లెక్కలో ట్రిప్పు నడుస్తుందో నడవదో దిగిన తొలి మూడు రోజుల్లో తేలిపోతుంది. ఆ మూడు రోజులు ఎలా గడుస్తాయన్నది మాత్రం నెలన్నర ముందు, ఇక్కడే తేలిపోతుంది.

ముందుగా ఒక సంగతి. 2019 జనాభా లెక్కల ప్రకారం కెన్యాలో నూటికి 85 మంది క్రైస్తవులు. 1844లో జర్మన్ మిషనరీ లుడ్విగ్ క్రాఫ్ మొంబాసాలో దిగినప్పటి నుంచి అక్కడ సంఘం ఉంది. కాబట్టి 'ఆఫ్రికాకు సువార్త' అని ఫ్లెక్సీ కొట్టించుకుని బయల్దేరితే, దిగిన రోజే ఆతిథ్యమిచ్చే పాస్టర్ ముఖం చిన్నబోతుంది. 1910లో ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో మన దేశపు సేవకుడు వి.ఎస్. అజరయ్య పాశ్చాత్య మిషనరీలను అడిగింది స్నేహితులను ఇమ్మని. ఆ తర్వాత రెండేళ్ళకు ఆయన దోర్నకల్ బిషప్ అయ్యారు. అప్పుడు అడిగేవాళ్ళం మనం. కిసుములో దిగినప్పుడు అవతలి వైపు నిలబడి ఉన్నామని గుర్తుంటే సగం పొరపాట్లు జరగవు. అసలు తెలుగువాళ్ళు ఆఫ్రికాకు సేవకులను పంపడం ఈ తరంతో మొదలైందీ కాదు. 1903లోనే తెలుగు బాప్టిస్టులు జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు, అక్కడి తెలుగు కూలీల మధ్యకు పంపారు.

తేదీల దగ్గరే మొదటి తప్పు జరుగుతుంది. మన అలవాటు మే నెల: ఎండాకాలం సెలవులు, వీబీఎస్ (పిల్లల సెలవుల బైబిల్ బడి) కాలం, టీచర్లు ఖాళీ. కెన్యాలో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది, సెలవులు ఏప్రిల్‌లో, ఆగస్టులో, మళ్ళీ ఏడాది చివర. మే నెలలో పిల్లలంతా బడిలో ఉంటారు. వీబీఎస్ సామాను రెండు సూట్‌కేసులు మోసుకెళ్ళి, సాయంత్రం నాలుగున్నర తర్వాత అలిసిపోయి వచ్చిన పిల్లలకు గంటసేపు చెప్పి తిరిగి రావాల్సి ఉంటుంది. పైగా మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు, పల్లె దారులు బురద. ఆగస్టు అన్నిటికంటే మంచిది. వారంలో ఏ రోజు బయల్దేరాలన్నదీ ముఖ్యమే. మంగళవారం రాత్రి షంషాబాద్‌లో ఎక్కితే బుధవారం నైరోబీ, గురువారం కిసుము, మధ్యలో శుక్ర, శనివారాలు దొరికి ఆదివారం ఆరాధనకు మనుషుల్లా ఉంటారు. సెలవు మిగుల్తుందని శుక్రవారం రాత్రి బయల్దేరే జట్లుంటాయి. వాళ్ళు ఆదివారం పుల్పిట్ మీద నిద్రపోతారు.

రెండోది పేర్లు. ఇది మన సంఘాల్లో ప్రత్యేకమైన చిక్కు. సంఘంలో యోహాను గారు, పదో తరగతి సర్టిఫికెట్లో వెంకటేశ్వర్లు, పాస్‌పోర్టులో వెంకటేశ్వర్లుకు ముందు ఇంటి పేరు విడిగా. కెన్యా పాస్టర్‌కు తెలిసింది యోహాను గారే కాబట్టి ఆహ్వాన పత్రం ఆ పేరుతో వస్తుంది, దరఖాస్తు పాస్‌పోర్టు పేరుతో వెళ్తుంది, రెండూ కలవవు. ఆహ్వానం రాయించుకునే ముందే జట్టులో అందరి పాస్‌పోర్టు మొదటి పేజీ ఫోటోలు పంపి, అందులో ఉన్న అక్షరాలు ఉన్నట్టే రాయమనాలి. పత్రంలో సంఘం రిజిస్ట్రేషన్ నంబరు, బస చేసే చోటి చిరునామా, తేదీలు, ఖర్చు ఎవరు భరిస్తారు, అక్కడ బాధ్యత వహించే మనిషి ఫోన్ నంబరు ఉండాలి. ఒకటే పత్రంలో అందరి పేర్లు చాలు, కానీ నకలు ప్రతి ఒక్కరి చేతిలో ఉండాలి. ఇమిగ్రేషన్ లైన్లలో జట్టు విడిపోతుంది, కాగితాలన్నీ పట్టుకున్న లీడర్ ఎక్కడో వెనక లైన్లో ఉంటాడు.

వీసా అనేది 2024 జనవరి నుంచి కెన్యాలో లేదు. దాని బదులు ఈటీఏ అనే ముందస్తు అనుమతి ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. చంటిపిల్లలకు కూడా విడిగానే. ఫీజు 30 డాలర్ల పైచిలుకు. అచ్చం ప్రభుత్వ సైట్ లాగే కనపడే ఏజెంట్ల సైట్లు దానికి రెండు మూడింతలు గుంజుతాయి. అడ్రసు చివర గో డాట్ కేఈ (go.ke) అని లేకపోతే కార్డు నంబరు కొట్టకండి. పాస్‌పోర్టు గడువు వెళ్ళే రోజు నుంచి కనీసం 6 నెలలుండాలి. ప్రయాణానికి కనీసం మూడు రోజుల ముందు పెట్టమంటారు గానీ రెండు వారాల ముందు పెడితే తప్పు దొర్లినా సరిదిద్దుకునే సందు ఉంటుంది. వెళ్ళే కారణం ఉన్నది ఉన్నట్టు రాయండి. టూరిస్టులమని రాసి బ్యాగు నిండా కరపత్రాలు పెట్టుకున్నవాళ్ళనే కౌంటర్ పక్కన కూర్చోబెడతారు. ఇది కొద్ది వారాల పర్యటన మాట. ఏడాది రెండేళ్ళు ఉండి సేవ చేయాలంటే క్లాస్ ఐ పర్మిట్ కావాలి, దానికి అక్కడి రిజిస్టరైన సంఘమే దరఖాస్తు పెట్టాలి. మెడికల్ క్యాంపు ఆలోచన ఉంటే ఇంకో కథ. మన డాక్టరు అక్కడ రోగిని చూడాలంటే కెన్యా మెడికల్ కౌన్సిల్ నుంచి తాత్కాలిక లైసెన్సు ఉండాలి, మందులకు వేరే అనుమతి ఉండాలి. అవి లేకుండా కార్టన్ల కొద్దీ మాత్రలు మోసుకెళ్తే కస్టమ్స్ దగ్గరే ఆగిపోతాయి. ఆ డబ్బుతో అక్కడి మందులు అక్కడే కొని అక్కడి నర్సు చేత ఇప్పించడం చవక, సుఖం.

జట్టులో ప్రభుత్వ టీచరో, బ్యాంకు ఉద్యోగో ఉంటే మన వైపు కాగితం ఇంకొకటి. ప్రభుత్వ ఉద్యోగులు, ప్రభుత్వ సంస్థల్లో పనిచేసేవాళ్ళు విదేశంలో అక్కడివాళ్ళు పెట్టే బస, భోజనం, ప్రయాణం లాంటి ఆతిథ్యం తీసుకోవాలంటే ఎఫ్‌సీఆర్‌ఏ అనే విదేశీ విరాళాల చట్టం కింద కేంద్ర హోం శాఖ ముందస్తు అనుమతి ఉండాలి. శాఖ ఇచ్చే ఎన్‌ఓసీ దీనికి సరిపోదు, రెండూ వేరు. సొంత ఖర్చుతో ఉండి బిల్లులు దాచుకుంటే ఈ గొడవే ఉండదు. సంఘం నిధులతో టిక్కెట్లు కొనడం మీదా జాగ్రత్త. ఆదాయపు పన్ను మినహాయింపున్న ట్రస్టు దేశం బయట పనికి పెట్టిన ఖర్చును, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు (సీబీడీటీ) ఆమోదం లేకపోతే, ధర్మకార్యపు ఖర్చుగా లెక్కలోకి తీసుకోరు. ఆడిటర్‌ని అడగకుండా కానుకల పెట్టె తెరవకండి. ఎవరి టిక్కెట్టు వాళ్ళే కొనుక్కోవడం మేలు.

ఇంజెక్షన్లు, మాత్రలు

ఎల్లో ఫీవర్ టీకా విషయంలో బేరం లేదు. టీకా వేయించుకున్నట్టు చూపే పసుపు కార్డు లేకుండా కెన్యా నుంచి తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే ఆపి 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టే అధికారం ఉంది. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎంలో వేస్తారు. ప్రతి ప్రైవేటు ఆసుపత్రిలో వేసేది కాదిది, గుర్తింపున్న కేంద్రంలోనే వేయించుకోవాలి. ఏ రోజుల్లో వేస్తున్నారో ముందే కనుక్కుని పాస్‌పోర్టు అసలుతో వెళ్ళండి. టీకా వేసిన పది రోజుల తర్వాతే కార్డు చెల్లుతుంది, కాబట్టి టిక్కెట్టు తేదీకి వారం ముందు పరిగెత్తి లాభం లేదు. నెల ముందు వేయించుకోవాలి. ఒకసారి వేయించుకుంటే జీవితాంతం చెల్లుతుంది. 2016 నుంచి ఇదే నియమం, పాత కార్డు మీద పదేళ్ళ గడువు రాసున్నా సరే. పసుపు కార్డులో పాస్‌పోర్టు నంబరు, బ్యాచ్ నంబరు, ముద్ర, సంతకం అక్కడే నిలబడి చూసుకోండి. ఇది బతికున్న వైరస్‌తో చేసిన టీకా. గర్భిణులు, గుడ్డు అంటే తీవ్రమైన అలర్జీ ఉన్నవాళ్ళు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవాళ్ళు ముందే డాక్టరుతో మాట్లాడాలి. 60 దాటిన పెద్దలకు కూడా ఆలోచించే వేస్తారు. అందుకే జట్టు పేర్లు ప్రకటించకముందే ఈ మాట అడగాలి. ఆదివారం వేదిక మీదికి పిలిచి ప్రార్థన చేశాక 'మీరు రాలేరు' అని పెద్దాయనకు చెప్పడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు.

మలేరియా ఇంకా పెద్ద సంగతి. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ భయం తక్కువ. కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డు, అక్కడ మలేరియా ఏడాది పొడుగునా ఉంటుంది, అదీ ప్రాణాంతకమైన ఫాల్సిపారం రకం. ఇక్కడ మందుల షాపులో అడిగితే క్లోరోక్విన్ చేతిలో పెడతారు. కెన్యాలో అది పనిచేయదు, పరాన్నజీవి ఎప్పుడో లొంగకుండా పోయింది. డాక్టరు సాధారణంగా రాసేది రెండింటిలో ఒకటి. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకొకటి: వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, తిరిగొచ్చాక నాలుగు వారాలు. 14 రోజుల ట్రిప్పుకు మనిషికి 44 మాత్రలు. చవక, కానీ తిన్న తర్వాత పెద్ద గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి. వేసుకున్న వెంటనే పడుకుంటే గొంతులో మంట. ఎండకు చర్మం కమిలిపోతుంది. గర్భిణులకు, 8 ఏళ్ళలోపు పిల్లలకు పనికిరాదు. రెండోది అటోవాక్వోన్-ప్రోగ్వానిల్: వచ్చాక ఏడు రోజులు వేసుకుంటే చాలు, అదే ట్రిప్పుకు 23 మాత్రలు, కాస్త ఖరీదు. ఎక్కువమంది చేసే తప్పు ఇంటికి రాగానే మానేయడం. కాలేయంలో దాక్కున్న పరాన్నజీవి రక్తంలోకి దిగేసరికి మందు అక్కడ ఉండాలి, అందుకే ఆ చివరి రోజులు. వచ్చిన తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా 'కెన్యా వెళ్ళొచ్చాను' అన్న మాట డాక్టరుతో మొదట చెప్పండి.

సామాను

2017 ఆగస్టు 28 నుంచి కెన్యాలో ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. శిక్ష కాగితం మీద 40 లక్షల షిల్లింగుల దాకా జరిమానా, నాలుగేళ్ళ దాకా జైలు. మన సర్దుడంతా కవర్ల మీదే కదా: చెప్పులు ఒక కవర్లో, తడి తువ్వాలు ఒక కవర్లో, ఆవకాయ డబ్బా మూడు కవర్లలో. ఎయిర్‌పోర్టులో బ్యాగు తెరిపిస్తే అవన్నీ అక్కడే వదిలేయాలి. ఆవకాయ నూనె బట్టల మీద పడుతుంది. గుడ్డ సంచులు, స్టీలు డబ్బాలు, గట్టి మూత డబ్బాలు వాడండి. దారిలో డ్యూటీ ఫ్రీలో ఇచ్చే కవరు కూడా విమానంలోనే వదలండి. పచ్చడి చేతి బ్యాగులో పెడితే షంషాబాద్ సెక్యూరిటీలోనే పోతుంది, చెక్-ఇన్‌లో వేయాలి. విత్తనాలు, పళ్ళు, మొక్కలు వద్దు. స్వాహిలీ బైబిళ్ళు ఇక్కడి నుంచి మోయక్కర్లేదు, నైరోబీలో బైబిల్ సొసైటీ ఉంది.

అక్కడి ప్లగ్గు మూడు పలక పిన్నులది, మనది ఎక్కదు. మనిషికొక అడాప్టర్ కొనకండి. కోఠి గుజరాతీ గల్లీలో రెండు గట్టి అడాప్టర్లు, ఇంట్లో ఉండే ఎక్స్‌టెన్షన్ బోర్డులు రెండు తీసుకుంటే జట్టంతా చార్జింగ్ పెట్టుకోవచ్చు. కరెంటు 240 వోల్టులు కాబట్టి కీబోర్డుకు, మైకులకు ఇబ్బంది లేదు. ఒక స్వెట్టరు తప్పనిసరి. ఆఫ్రికా అంటే ఎండ అనుకుని వెళ్ళినవాళ్ళు జూలై, ఆగస్టు నైరోబీ రాత్రుల్లో వణుకుతారు.

ఫోన్‌పే, గూగుల్ పే అక్కడ నడవవు. ఏళ్ళ తరబడి కార్డు వాడక పిన్ను మర్చిపోయినవాళ్ళు జట్టుకు ఇద్దరైనా ఉంటారు. బయల్దేరే ముందు కార్డులో ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసి ఇక్కడే ఏటీఎంలో ఒకసారి పిన్ను పరీక్షించుకోండి. మన సిమ్‌కు రోమింగ్ కూడా, కనీసం ఓటీపీ మెసేజీలు వచ్చేంతవరకు. నగదు విదేశీ నోట్లుగా మనిషికి ట్రిప్పుకు 3,000 డాలర్ల వరకు తీసుకోవచ్చు. నలిగినవి, గీతలున్నవి, పాత ముద్రణవి వద్దు, అక్కడ తిప్పికొడతారు. చిన్న నోట్లకంటే 50, 100 డాలర్ల నోట్లకు మంచి రేటు.

దిగిన తర్వాత

షంషాబాద్‌లో సాగనంపడానికి సంఘమంతా వస్తుంది, దండలు, ఫోటోలు, గేటు ముందు గుండ్రంగా నిలబడి ప్రార్థన. సాగనంపే ప్రార్థన సంఘంలోనే ముగించి ఎయిర్‌పోర్టుకు వెళ్ళే పుష్పక్ బస్సు ఎక్కడం నా పద్ధతి. గేటు దగ్గర ఒక్క పెద్దాయన ప్రార్థన మొదలుపెడితే అరగంట. ఇమిగ్రేషన్ ఆఫీసరు అడిగేవి మూడే: ఎక్కడికి, ఎందుకు, ఎప్పుడు తిరిగొస్తారు. పన్నెండు మంది పన్నెండు రకాలుగా చెబితేనే అనుమానం. 'అక్కడి చర్చి ఆహ్వానం మీద వెళ్తున్నాం, ఫలానా తేదీకి తిరుగు టిక్కెట్టుంది' అని చెప్పి కాగితం చూపిస్తే చాలు.

నైరోబీ మనకంటే రెండున్నర గంటలు వెనక. ఎయిర్‌పోర్టు దాటేలోపు చేయాల్సినవి రెండు: ఆ రోజుకు సరిపడా డాలర్లు మార్చుకోవడం, పాస్‌పోర్టు చూపించి ఇద్దరి పేరున సిమ్ తీసుకుని, ఫోన్‌లోనే డబ్బు కట్టే ఎం-పెసా తెరిపించుకోవడం. 2007లో మొదలైన ఎం-పెసా లేకుండా కెన్యాలో కూరగాయలు కూడా కొనలేరు. నగదు ఏజెంటుకిస్తే ఫోన్‌లో పడుతుంది, ఆ తర్వాత డీజిలు, భోజనం, నీళ్ళ డబ్బాలు అన్నీ దాంతోనే. కోశాధికారి ఒక్కరి ఫోనులోంచే కట్టండి, ప్రతి చెల్లింపుకూ మెసేజి వస్తుంది, రాత్రికి లెక్క దానంతటదే తయారు.

ఆ రాత్రి నైరోబీలోనే పడుకోవాలి. నకురు, కెరిచో మీదుగా కిసుము దాదాపు 350 కిలోమీటర్లు, ఏడెనిమిది గంటలు. రాత్రిపూట ఆ దారిలో లారీల మధ్య వ్యాన్ నడిపించడం కంటే ఒక రోజు గెస్ట్‌హౌస్ అద్దె చవక. విమానంలో గంటలోపే. దేశం లోపలి విమానాల్లో బ్యాగు బరువు తక్కువ అనుమతిస్తారు కాబట్టి కీబోర్డు లాంటివి ఉంటే రోడ్డే నయం.

కిసుములో భారతీయులంటే ఎవరో తెలుసు. మొంబాసా నుంచి ఈ సరస్సు దాకా 1896లో మొదలై 1901లో పూర్తయిన రైలు మార్గం వేసింది 30 వేలకు పైగా మన దేశపు కూలీలు. ఆ తర్వాత దుకాణాలు పెట్టినవాళ్ళూ మనవాళ్ళే. 2017లో కెన్యా ప్రభుత్వం భారతీయ సంతతిని తమ దేశంలో 44వ తెగగా గుర్తించింది. అందుకని వీధిలో పిల్లలు 'ముహిందీ' (భారతీయుడు) అని పిలిస్తే తిట్టు కాదు, కానీ పల్లెవాళ్ళకు తెలిసిన ముహిందీ కౌంటర్ వెనక కూర్చున్న షావుకారు. మీరు వాళ్ళ ఇంట్లో కూర్చుని, వాళ్ళు పెట్టిన ఉగాలి చేత్తో తినడం చూస్తే ఆశ్చర్యపోతారు. ఉగాలి మన రాగి సంకటి లాంటిదే, మొక్కజొన్న పిండితో. పక్కన సుకుమా వికీ అనే ఆకుకూర, సరస్సు చేప. చపాతీ, పాలు పోసిన టీ కూడా ఉంటాయి. కారం ఉండదు. మొదటి పూటే ఆవకాయ డబ్బా బల్ల మీద పెట్టడం మర్యాద కాదు, గదిలో పెట్టుకోండి. మన జట్టులో తెలుగులో మాట్లాడుకునేటప్పుడు 'నల్లవాళ్ళు', 'నీగ్రో' అన్న మాటలు నోట్లోకి రాకూడదు, రెండో మాట వాళ్ళకు అర్థమవుతుంది. వెళ్ళే ముందు ఉస్మానియాలోనో ఇఫ్లూలోనో చదివే ఆఫ్రికా విద్యార్థులను ఒక ఆదివారం భోజనానికి పిలిచి మాట్లాడిస్తే ఈ మొరటుతనం ఇక్కడే కొంత అరుగుతుంది.

చెప్పులు విప్పడం మన ఒంట్లో ఉన్న అలవాటు, ప్రార్థన మందిరం గుమ్మంలోనే వదిలేస్తాం. అక్కడ వద్దు. మట్టి నేల ఉన్న గుడిసెల్లో, మందిరాల్లో జిగ్గర్ అనే పురుగు ఉంటుంది, కాలి గోళ్ళ కింద దూరి గుడ్లు పెడుతుంది. వాళ్ళు కూడా బూట్లతోనే ఆరాధనకు వస్తారు. మూసిన బూట్లు, సాక్సులు వేసుకోండి. సరస్సులో దిగవద్దన్నది ఇంకా గట్టిగా చెప్పాల్సిన మాట. విక్టోరియా నీళ్ళలో నత్తల ద్వారా వచ్చే బిల్‌హార్జియా ఉంది, నీళ్ళు తాగకపోయినా చర్మంలోంచే పురుగు లోపలికి పోతుంది. సరస్సు ఒడ్డున బాప్తిస్మాలు ఇద్దామని మన పాస్టర్ గార్లకు ఆశ ఉంటుంది, ఫోటోలు బాగుంటాయి మరి. బాప్తిస్మమిచ్చేది అక్కడి పాస్టర్ పని, మీరు ఒడ్డున నిలబడి పాడండి. దిగినవాళ్ళు ఎవరైనా ఉంటే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఇక్కడ పరీక్ష చేయించుకోవాలి. మందు ఉంది, పట్టించుకోకపోవడమే ప్రమాదం. దోమలు కుట్టేది పొద్దుగూకినప్పటి నుంచి తెల్లారేదాకా. సాయంత్రం కూటానికి పొడుగు చేతుల చొక్కా, మంచం మీద దోమతెర, తెర అంచులు పరుపు కింద దోపి పడుకోవాలి.

గడియారం దగ్గర ఒక చిక్కు ఉంది. స్వాహిలీలో గంటలు తెల్లవారి ఆరు నుంచి లెక్కపెడతారు. 'సా తాతు' అంటే మూడో గంట, మన తొమ్మిది. ఇంగ్లిషులో చెబితే మామూలు లెక్కే, స్వాహిలీలో చెబితే ఆరు కలపాలి. డ్రైవరు ఏ భాషలో చెప్పాడో అడక్కపోతే జట్టంతా గేటు దగ్గర గంటలు గంటలు నిలబడుతుంది.

ఇక మూడు రోజులు మైకు ఎందుకు వద్దంటే, ఆ సమయంలో చేయాల్సిన పని వేరే ఉంది. గురువారం సాయంత్రం అక్కడి పాస్టర్, సంఘ పెద్దలు, స్త్రీల సమాజం వాళ్ళతో కూర్చోవడం. శుక్రవారం వాళ్ళ వెంట ఇళ్ళకు వెళ్ళి వినడం. శనివారం తర్జుమా చేసేవాళ్ళతో సాధన. 2023లో తీరప్రాంతపు కిలిఫీ కౌంటీలోని షకహోలా అడవిలో ఒక బోధకుడి మాట నమ్మి ఉపవాసంతో చనిపోయినవాళ్ళ శవాలు నాలుగు వందలకు పైగా బయటపడ్డాయి. అప్పటి నుంచి కొత్త బోధకుడంటే ప్రభుత్వానికీ, ఊరికీ జాగ్రత్త ఎక్కువ. ఊళ్ళోకి వచ్చిన మొదటి సాయంత్రమే విదేశీ మనిషి మైకులో స్వస్థత గురించి కేకలు వేస్తే, మనం వెళ్ళిపోయాక ఆ ప్రశ్నలకు జవాబు చెప్పాల్సింది అక్కడి పాస్టరే. ఆరుబయట కూటానికి అనుమతులు తీసుకోవాల్సిందీ ఆయనే. మన ఒత్తిడి మీద తీసుకునేలా చేయకండి.

తర్జుమా సాధన తప్పించుకోలేనిది. పట్నంలో తెలుగు నుంచి ఇంగ్లిషు, ఇంగ్లిషు నుంచి స్వాహిలీ. పల్లెలో కొన్ని చోట్ల దాన్నుంచి మళ్ళీ అక్కడి లువో భాష. మూడు మెట్లు దిగేసరికి పావుగంట మాట గంట అవుతుంది. అందుకని ప్రసంగం పది పన్నెండు నిమిషాలకు కుదించి, ఒక వాక్యభాగం మీదే నిలవాలి. వచనాల సంఖ్యలు ముందు రోజే కాగితం మీద రాసి ఇవ్వండి. వాక్యం చివరి దాకా చెప్పి ఆగండి. తెలుగులో క్రియ చివర వస్తుంది, సగంలో ఆపితే తర్జుమా చేసేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు. సామెతలు, ప్రాసలు, సినిమా మాటలు తీసేయండి. హైదరాబాద్‌వాళ్ళకు ఒక సౌకర్యం ఉంది: స్వాహిలీలో అరబ్బీ మాటలెక్కువ కాబట్టి కితాబు, దునియా, దవా, వక్తు లాంటివి అటూ ఇటూగా అక్కడా వినపడతాయి, ఉర్దూ వచ్చినవాళ్ళు త్వరగా అందుకుంటారు. లేచి 'బ్వానా అసిఫివే' (ప్రభువుకు స్తోత్రం) అంటే 'ఆమెన్' అని జవాబు వస్తుంది. ఆ ఒక్కటి తెలిస్తే ఆదివారం పరిచయానికి చాలు.

పిల్లల ఫోటోలు తల్లిదండ్రులనో సంఘాన్నో అడగకుండా తీయొద్దు, ముఖాలు కనపడేలా ఫేస్‌బుక్ లైవ్ అసలే వద్దు. చేతికి డబ్బు, చాక్లెట్లు పంచడం మొదటి రోజు మొదలైతే రెండో రోజు నుంచి పిల్లలు పాటల కోసం రారు. ఇవ్వాల్సింది ఏదున్నా చివర్లో, సంఘం చేతుల మీదుగా, రసీదుతో. స్కూలు ఫీజు కట్టమని, మందిరానికి రేకులు వేయించమని అడుగుతారు, అడగడం తప్పు కాదు. 'చూద్దాం', 'ప్రార్థన చేస్తాం' అని మనం మొహమాటానికి అనే మాటలు అక్కడ ఒప్పుకున్నట్టే లెక్క, రెండు నెలల తర్వాత వాట్సాప్‌లో రేకుల కొలతలు వస్తాయి. జట్టులో ఒక్కరే జవాబు చెప్పాలి, మిగతావాళ్ళు 'మా లీడర్‌ని అడగండి' అనాలి.

శనివారం రాత్రి భోజనం తర్వాత అక్కడి పాస్టర్‌తో కూర్చుని ఆదివారం సంగతి తేల్చుకోండి. హైదరాబాద్‌లో వేసుకొచ్చిన ప్రోగ్రాం కాగితం ఆయన చేతిలో పెట్టి, కొట్టేయాల్సినవి కొట్టేయమనండి. మామూలుగా సగం పోతాయి. ఆరాధన తొమ్మిదికి మొదలై ఒంటిగంట దాటుతుంది, మీకు దొరికేది పరిచయం, రెండు పాటలు, ఒక సాక్ష్యం, వాక్యానికి ఆయన చెప్పినన్ని నిమిషాలు. కానుక పళ్ళెంలో జట్టు తరఫున ఎంత వేయాలో, కవర్లో వేయాలా విడిగా వేయాలా అన్నదీ అప్పుడే అడగండి. మగవాళ్ళకు ఇస్త్రీ చొక్కా, టై, ఆడవాళ్ళకు చీర. ఇస్త్రీ పెట్టె ఉందో లేదో శనివారం మధ్యాహ్నమే కనుక్కోండి, రాత్రికి కరెంటు ఉంటుందన్న భరోసా లేదు.